విడిచిపెట్టని ప్రేమ – హోషేయ గ్రంథము



కొన్ని వారాల క్రితం సాయంకాలం రౌండ్స్‌లో ఉండగా మెడికల్ వార్డులో ఒక పెద్దాయన చెయ్యి ఊపి నన్ను ఆపారు. టీబీ మందులు రెండు నెలలు వాడి, ఒళ్ళు తేలికపడగానే మానేసి, మళ్ళీ దగ్గుతో, జ్వరంతో వచ్చిన మనిషి. ఇలా రావడం ఆయనకు కొత్త కాదు. "సిస్టరమ్మా, మీరు మూడోసారి కూడా చేర్చుకున్నారు. పైనున్న ఆయన ఎన్నిసార్లు చేర్చుకుంటాడంటారు?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు గాని కళ్ళలో నవ్వు లేదు. "హోషేయ గ్రంథం చదివి చెప్తానండి" అని ముందుకు వెళ్ళిపోయాను. అవతల సెలైన్ అయిపోయిందని పిలుస్తున్నారు. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

హోషేయ ప్రవక్త క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దంలో ఇశ్రాయేలు ఉత్తర రాజ్యంలో ప్రవచించాడు. అదే కాలంలో అక్కడ ప్రవచించిన ఆమోసు దక్షిణాన ఉన్న తెకోవ నుండి వెళ్ళినవాడు. హోషేయ మాత్రం ఆ ఉత్తర దేశపు మనిషేనని అతని మాట తీరును, చెప్పిన ఊళ్ళ పేర్లను బట్టి పండితులు అంటారు. కనుక అతడు గద్దించింది పొరుగువారిని కాదు, తనవారినే. రెండవ యరొబాము రాజుగా ఉన్న కాలంలో దేశంలో పంటలున్నాయి, డబ్బుంది, పండుగలున్నాయి. ఆ రాజు చనిపోయాక అంతా తలక్రిందులైంది. రమారమి 25 ఏళ్ళలో ఆరుగురు రాజులు మారారు. వారిలో నలుగురిని వారి తరువాత రాజైనవారే చంపారు. ఆ రాజుల్లో ఒకడైన మెనహేము సింహాసనం నిలబెట్టుకోవడానికి అష్షూరు రాజుకు కప్పం కట్టాడు. అందుకోసం దేశంలోని ధనవంతుల దగ్గర తలకు 50 తులాల వెండి చొప్పున వసూలు చేశాడని 2 రాజులు 15వ అధ్యాయంలో ఉంది.

ఇక బయలు సంగతి. ఇశ్రాయేలీయులు యెహోవాను పూర్తిగా వదిలేశారనుకోకండి. బలులు అర్పిస్తూనే ఉన్నారు, పండుగలు చేస్తూనే ఉన్నారు. అయితే వానలు, పంటలు ఇచ్చేవాడు బయలు అని కనానీయులు నమ్మేవారు. సిరియా తీరాన రస్ షమ్రా అనే చోట 1929లో మొదలైన తవ్వకాల్లో దొరికిన మట్టి పలకల మీద ఈ బయలు కథలు వ్రాసి ఉన్నాయి. రైతుకు వాన కావాలి. కాబట్టి ఆదివారం గుడికి, మిగతా రోజుల్లో తాయెత్తుకు అన్నట్లు వారు ఇద్దరినీ కొలిచారు. హోషేయ 2వ అధ్యాయంలో దేవుని బాధ ఇదే. ధాన్యము, ద్రాక్షారసము, నూనె ఇచ్చింది తానేనని ఆమెకు తెలియలేదు, ఇచ్చిన వెండి బంగారాలు తీసుకెళ్ళి బయలుకు పెట్టింది అంటాడు.

"ఆమె" అన్నాను. ఎందుకంటే ఈ సంగతి అంతటినీ దేవుడు ఒక కాపురం లోపల పెట్టి చూపించాడు. హోషేయ దిబ్లయీము కుమార్తెయైన గోమెరును పెండ్లి చేసుకున్నాడు. ఆమె పెండ్లికి ముందే అలాంటి నడతలో ఉన్నదా, తరువాత అలా అయిందా అనే విషయంలో వ్యాఖ్యాతలు ఒక్కమాట మీద లేరు. ముగ్గురు పిల్లలు పుట్టారు. పెద్దవాడు యెజ్రెయేలు. ఇది యెహూ రక్తపాతం చేసిన ఊరి పేరు. రెండవది ఆడపిల్ల, లోరూహామా, అంటే జాలి పొందనిది. మూడవవాడు లోఅమ్మీ, నా జనము కానివాడు అని. ఓపీలో నర్సు పేరు పెట్టి పిలిచినప్పుడు ఆ పిల్లలు లేచి రావడం ఒక్కసారి ఊహించుకోండి. ఆ తండ్రి ప్రసంగం ఎవరూ వినకపోయినా, ఇంటి ముందు పిల్లలను పిలిచిన ప్రతిసారీ ఊరంతటికీ వినబడేది.

ఆ రెండవ పేరు దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. 'రూహామా' అనే హెబ్రీ మాట, స్త్రీ గర్భసంచికి వాడే 'రెహెమ్' అనే మాట ఒకే మూలం నుండి వచ్చినవి. కడుపున మోసిన బిడ్డ మీద తల్లికి కలిగే జాలి అది. అటువంటి జాలి లేదని ఒక ఆడబిడ్డకు పేరు! ఆ బిడ్డకు పాలు విడిపించిన తరువాతే తల్లి మళ్ళీ గర్భవతి అయిందని 1వ అధ్యాయంలో వ్రాసి ఉంది. మెటర్నిటీలో ఇన్నేళ్ళు పనిచేసిన దాన్ని కదా, ఈ చిన్న మాట నా కంట పడకుండా పోదు. అంటే ఇది నాలుగు రోజులు సాగి చెడిపోయిన కాపురం కాదు. ముగ్గురు పిల్లలు, వారి మధ్య ఎడం, పాలు, ఉయ్యాల, అన్నీ ఉన్న ఇల్లు. ఆ ఇంటినే ఆమె విడిచి వెళ్ళింది.

ఇప్పుడు ఒక హెబ్రీ మాట నేర్చుకుందాం. 'హెసెద్'. పాత నిబంధనలో ఇది సుమారు 250 సార్లు కనబడుతుంది, అందులో సగం దాకా కీర్తనలలోనే. 136వ కీర్తనలో 26 వచనాలకూ పల్లవిలా వచ్చేది ఇదే. మన తెలుగు బైబిలులో అక్కడ 'కృప' అని ఉంటుంది. హోషేయ 6వ అధ్యాయం తీస్తే 4వ వచనంలో ఇదే మాటను 'భక్తి' అని, రెండు వచనాల తరువాత 'కనికరము' అని తర్జుమా చేశారు. తప్పు చేశారని కాదు, ఒక్క తెలుగు మాటలో అది ఇమడదు. మాట ఇచ్చిన మనిషి, అవతలివాళ్ళు మాట తప్పినా తన మాట మీద నిలబడి చేసే మేలు హెసెద్. రాత్రి రెండు గంటలకు మంచం పక్కన కూర్చుని ఉన్న భార్యను, తమ్ముడిని, ఒక్కోసారి ఏ బంధుత్వమూ లేని పొరుగింటావిడను చూస్తుంటాం. కేస్ షీటులో "అటెండరు ఉన్నారు" అని మాత్రమే వ్రాస్తాం. హెసెద్ కొంచెం అలా ఉంటుంది. ఇశ్రాయేలు చూపిన హెసెద్ ఎలా ఉందో 6వ అధ్యాయం చెబుతుంది. తెల్లవారుజామున కనబడి ఎండ రాగానే ఆరిపోయే మంచులా ఉందట.

హోషేయలో వ్యాధి, వైద్యం గురించిన మాటలు ఎక్కువ. 5వ అధ్యాయంలో ఎఫ్రాయిము తన రోగం చూచుకొని, యూదా తన పుండు చూచుకొని అష్షూరు దగ్గరకు మనుషులను పంపారు. ఆ రాజు బాగు చేయలేకపోయాడు. మెనహేము కట్టిన కప్పం గుర్తుకు తెచ్చుకోండి. జబ్బు ఒకటి, పరుగెత్తింది ఇంకొకరి దగ్గరకు. మన దగ్గర కూడా నాటు మందులన్నీ తిరిగి, నగలు కుదువ పెట్టి, చివరికి ముదిరిన పుండుతో వచ్చేవారిని చూస్తూనే ఉన్నాం. 7వ అధ్యాయంలో ఎఫ్రాయిము తిరగవేయని అప్పములా ఉన్నాడని అంటాడు. ఒక పక్క మాడింది, ఒక పక్క పచ్చి. పెనం దగ్గర నిలబడే ప్రతి అమ్మకూ ఈ మాట వివరించనక్కరలేదు. ఆ వెంటనే అతని తల మీద నెరిసిన వెంట్రుకలు వచ్చినా అతనికి తెలియలేదని కూడా ఉంది. షుగరు, బీపీ పైకి ఏమీ కనబడకుండా లోపల పనిచేసుకుపోయినట్లు అనుకోండి.

ఇప్పుడు 2వ అధ్యాయానికి తిరిగి వద్దాం. మొదటి సగం చదవడం కష్టంగా ఉంటుంది, అంత కోపం. ఆ కోపం మధ్యలో స్వరం మారిపోతుంది. ఆమెను అరణ్యానికి తీసుకువెళ్ళి మెల్లగా మాట్లాడతానంటాడు. ఇకమీదట ఆమె తనను 'బయలీ' అని పిలవదు, 'ఈషీ' అని పిలుస్తుంది అంటాడు. హెబ్రీలో రెంటికీ మొగుడనే అర్థం ఉంది గాని 'బయలు' అంటే యజమాని, సొంతదారుడు. 'ఈష్' అంటే మనిషి, ఈషీ అంటే నా మనిషి. మన ఓపీలో భర్త పేరు చెప్పమంటే సిగ్గుపడి "మా ఆయన" అనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ 'మా' అనడంలో ఉన్న చనువే దేవుడు కోరుకున్నాడని నాకు అనిపిస్తుంది.

ఆ తరువాత రెండు వచనాల్లోనే ఆమెను ప్రధానం చేసుకుంటానని మూడుసార్లు అంటాడు. ప్రధానం అంటే మన సంఘాల్లో అందరికీ తెలుసు, పెండ్లికి ముందు జరిగేది. ఆ హెబ్రీ మాట కూడా పెండ్లి కాని కన్యను నిశ్చయం చేసుకోవడానికి వాడేదే. పారిపోయి వచ్చినదాన్ని ఏలుకుంటాను, ఒక మూల పడి ఉంటుంది అనడం లేదు దేవుడు. మళ్ళీ మొదటి నుండి, పెండ్లికూతురిగా, సంబంధం అడుగుతానంటున్నాడు. విడాకులిచ్చి, మరొకరిని చేసుకున్న భార్యను మొదటి భర్త తిరిగి తీసుకోకూడదని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో ధర్మశాస్త్రం ఉంది. వందేళ్ళకు పైగా గడిచాక యిర్మీయా 3వ అధ్యాయంలో దేవుడు ఆ నియమాన్నే గుర్తుచేసి, అయినా తిరిగి రండి అని పిలిచాడు. పిల్లల పేర్లు కూడా మారిపోయాయి. జాలి పొందనిది జాలి పొందింది, నా జనము కానివాడు నా జనమయ్యాడు. పౌలు రోమా పత్రికలో, పేతురు తన మొదటి పత్రికలో ఈ పేర్లనే తీసుకుని అన్యజనులలో నుండి వచ్చిన విశ్వాసులకు పెట్టారు. మనం కూడా ఆ లెక్కలోనే ఉన్నాం.

3వ అధ్యాయం అయిదే వచనాలు. ఇంకొకని ప్రేమించి వ్యభిచారిణిగా ఉన్న స్త్రీని నీవు వెళ్ళి ప్రేమించు అని దేవుడు హోషేయతో చెప్పాడు. అక్కడ పేరు లేదు, చాలామంది ఆమె గోమెరేనని అనుకుంటారు. అతడు 15 తులాల వెండి, ఏదుము యవలు ఇచ్చి ఆమెను కొన్నాడు. హెబ్రీ తూకంలో 15 తులాలంటే సుమారు 170 గ్రాముల వెండి. నిర్గమకాండములో దాసుని వెల 30 తులాలు. అంటే సగం వెండి, మిగతాది గింజలు. చేతిలో ఉన్నది చాలక ఇంట్లో ఉన్న గింజలు కూడా కొలిచి ఇచ్చాడని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. పూర్వం మన బిల్లుల కిటికీ దగ్గర కొంత డబ్బు కట్టి, మిగతాదానికి బియ్యం మూట దించినవారిని చూసిన నాకు ఆ మాట సబబుగానే తోస్తుంది. తనకు భార్య అయిన మనిషిని తానే డబ్బు కట్టి విడిపించుకోవడం! తెచ్చుకున్న తరువాత కూడా వెంటనే అంతా మామూలైపోలేదు. చాలా దినాలు నా దగ్గర ఉండు, మరొకరి దగ్గరకు పోవద్దు, నేనూ నీ విషయంలో అలాగే ఉంటాను అన్నాడు. ఆపరేషన్ అయ్యాక పథ్యం ఉన్నట్లు ఇక్కడ కూడా ఒక ఎదురుచూపు ఉంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మొగుడు తాగి కొట్టాడని, మరొకతెను ఉంచుకున్నాడని, కుట్లు వేయించుకోవడానికి వచ్చిన ఆడబిడ్డలకు "హోషేయను చూడు, నువ్వు కూడా సహించు, వెళ్ళు" అని మన సంఘాల పెద్దలే చెప్పడం నా చెవులతో విన్నాను. ఈ గ్రంథం అందుకు వ్రాయలేదు. దేవుడు తన ప్రజలను ఎలా ప్రేమిస్తున్నాడో చూపడానికి ఒక ప్రవక్తకు ఇచ్చిన ప్రత్యేకమైన ఆజ్ఞ అది. దెబ్బలు తినే మనిషిని దెబ్బల్లోకి పంపమని ఎక్కడా లేదు. పైగా 4వ అధ్యాయం 14వ వచనం చదవండి. మీ కుమార్తెలు, కోడళ్ళు తప్పు చేసినందుకు నేను వారిని శిక్షించను, మగవారైన మీరే వేశ్యల వెంట పోతున్నారు కదా అని దేవుడు అంటాడు. 2,700 ఏళ్ళ క్రితపు మాట ఇది. భర్త నుండి జబ్బు అంటించుకుని వచ్చి, అత్తింట నిందలు మోసే స్త్రీలను మా కౌన్సెలింగ్ గదిలో చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చే వచనం ఇది. ప్రసంగాల్లో మాత్రం ఎక్కువగా వినలేదు.

11వ అధ్యాయంలో భార్యాభర్తల బొమ్మ పోయి తల్లిదండ్రుల బొమ్మ వస్తుంది. ఎఫ్రాయిముకు చెయ్యి పట్టి నడక నేర్పింది నేను, వంగి అన్నం పెట్టింది నేను, వారిని స్వస్థపరచింది నేనేనని వారికి తెలియలేదు అంటాడు. పిల్లల వార్డులో అమ్మలను చూడండి, బిడ్డ నడుస్తుంటే వారు వంగి వెనక్కి వెనక్కి నడుస్తుంటారు. బిడ్డకు గుర్తుండేది తన నడక మాత్రమే. ఆ తరువాత దేవుడు తనలో తాను తర్కించుకున్నట్లుగా ఉంటుంది. నిన్ను ఎలా విడిచిపెట్టను, ఎలా అప్పగించను అని. సొదొమ గొమొఱ్ఱాలతో కలిసి నాశనమైన అద్మా, సెబోయీము అనే ఊళ్ళ పేర్లు తీసుకుని, అలా నిన్ను చేయడానికి నాకు మనసు రావడం లేదంటాడు. దానికి ఆయన ఇచ్చిన కారణం చూడండి. నేను దేవుణ్ణి, మనిషిని కాను. మామూలుగా మనం ఈ మాటను భయపెట్టడానికి వాడతాం. ఇక్కడ ఆయన నాశనం చేయకుండా ఆగిపోవడానికి కారణమే అది. మనుషులకైతే ఓపిక ఒకచోట అయిపోతుంది. నాకైతే నైట్ డ్యూటీ మూడో రోజుకే అయిపోతుంది.

అయినా క్రీ.పూ. 722లో షోమ్రోను పట్టణం అష్షూరు చేతిలో పడింది. ప్రజలను చెరపట్టుకుపోయారు. ఇది దాచి ఈ గ్రంథం గురించి చెప్పడం మోసం. దేవుని ప్రేమ వారి నడత తెచ్చిన ఫలితాలను తుడిచివేయలేదు. మందులు మానేసిన ఊపిరితిత్తి మీద పడిన మచ్చ, మళ్ళీ మందులు మొదలుపెట్టిన రోజున మాయమైపోదు. మధ్యలో మానేస్తే క్రిములు మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం కూడా ఉంది, అప్పుడు చికిత్స ఇంకా కష్టం. కాని ఫలితం అనుభవిస్తున్న మనిషిని వదిలేయడం వేరే సంగతి. హోషేయ చివరి అధ్యాయంలో ప్రజల తప్పిపోవడాన్నే ఒక రోగంగా చెప్పి, దానిని నేను బాగుచేస్తాను, మనస్ఫూర్తిగా ప్రేమిస్తాను అంటాడు. 6వ అధ్యాయంలో వారి భక్తి ఆరిపోయే మంచు. ఇక్కడ దేవుడే వారికి మంచులా ఉంటానంటాడు. వేసవిలో నెలల తరబడి వాన లేని ఆ దేశంలో మొక్కలకు రాత్రి మంచు ఎంత అవసరమో చూడండి.

యెహెజ్కేలు 16వ అధ్యాయం గురించి కూడా రెండు మాటలు. బబులోను చెరలో ఉన్న ఆ ప్రవక్త యెరూషలేమును పొలంలో పారవేసిన ఆడశిశువుతో పోల్చాడు. బొడ్డు కోయలేదు, నీళ్ళు పోయలేదు, ఉప్పుతో రుద్దలేదు, పొత్తిగుడ్డల్లో చుట్టలేదు. ఆ దారిన వెళ్ళిన దేవుడు రక్తంలో ఉన్న బిడ్డను చూచి బ్రదుకుము అన్నాడు. ఇది ఒక మంత్రసాని చెప్పినంత వివరంగా ఉంది. (ఉప్పు రుద్దడం ఆ కాలపు ఆచారం, తల్లులారా. పసిబిడ్డలకు అది ప్రమాదం, ఎవరూ చేయకండి. బొడ్డుకు కూడా బూడిద, పసుపు ఏమీ పెట్టక పొడిగా ఉంచండి.) ఆ అధ్యాయంలో తరువాత వచ్చేది చాలా కఠినంగా ఉంటుంది. చివరికి మాత్రం ఆమె తన మాట తప్పినా, నేను చేసిన నిబంధన నేను జ్ఞాపకం చేసుకుంటాను అంటాడు.

యేసు ప్రభువు హోషేయ 6వ అధ్యాయపు మాటను రెండుసార్లు ఎత్తి చెప్పినట్లు మత్తయి వ్రాశాడు. మొదటిసారి మత్తయి ఇంటి భోజనం దగ్గరే. సుంకరులతో కలిసి ఎందుకు తింటున్నాడని పరిసయ్యులు అడిగితే, వైద్యుడు కావలసింది రోగులకే గాని ఆరోగ్యంగా ఉన్నవారికి కాదు అన్నాడు. ఆ వెంటనే, బలి కంటె కనికరము కోరే ఆ వాక్యభావం ఏమిటో వెళ్ళి నేర్చుకోండి అన్నాడు. మొదటి సగం మాటను మనం ఆసుపత్రి కేలండర్ల మీద వేసుకుంటాం. రెండవ సగం మాట ఆ రోజు భక్తిగలవారితో చెప్పినది. ఈ రోజు అది నర్సులతో, డాక్టర్లతో, సంఘ పెద్దలతో చెప్పినట్లే.

నాకు చెప్పినట్లు కూడా. డిప్లొమా పూర్తయిన కొత్తలో వేరేచోట పనిచేస్తున్నప్పుడు, మందులు మానేసి మూడు నెలలకు తిరిగి వచ్చిన ఒక రోగిని వార్డంతా వినేటట్లు కేకలు వేశాను. ఇంత మంది తిప్పలు పడుతుంటే నీకు బుద్ధి లేదా అన్నాను. నేను చెప్పినదంతా నిజమే. మరునాడు డ్యూటీకి వచ్చేసరికి మంచం ఖాళీ. అతను మళ్ళీ రాలేదు. ఎవరి దగ్గరకైనా వెళ్ళాడో లేదో కూడా నాకు తెలియదు. ఆ రోజుల్లో అలాంటివారిని రిజిస్టరులో డిఫాల్టర్ అని వ్రాసేవాళ్ళం, ఎగవేతదారు అన్నట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఆ మాట తీసేసి, వైద్యానికి అందకుండా పోయినవారు అనే అర్థం వచ్చే మాట పెట్టింది. లోఅమ్మీ పేరు మార్చినట్లే అనిపించింది నాకు.

ఆ పెద్దాయన ఇంకా వార్డులోనే ఉన్నారు, మందులు పడుతున్నాయి, రెండు పూటలా అన్నం తింటున్నారు. నిన్న ఈ అధ్యాయాలన్నీ ఆయనకు చదివి వినిపించాను. 3వ అధ్యాయం అయ్యాక "ఆవిడ మళ్ళీ వెళ్ళిపోలేదా సిస్టరమ్మా?" అని అడిగారు. బైబిలులో ఆ సంగతి వ్రాయలేదండీ అని చెప్పాను.

చదువుకోవాలనుకునేవారికి ఒక సూచన. మంచాల దగ్గర పెట్టిన చిన్న పుస్తకాల్లో కొత్త నిబంధన, కీర్తనలు, సామెతలు మాత్రమే ఉంటాయి, హోషేయ ఉండదు. పూర్తి బైబిలు ప్రతి వార్డులోనూ సిస్టర్ల టేబులు సొరుగులో ఒకటి ఉంది, అడిగి తీసుకోండి. 14 అధ్యాయాలే, అయితే ఒక్క కూర్చుని చదివేది కాదు. ముందుగా 11వ అధ్యాయం, తరువాత 1 నుండి 3 వరకు చదవండి. కళ్ళజోడు తెచ్చుకోనివారికి సాయంత్రం ఆరు తరువాత మా నర్సింగ్ విద్యార్థినులు చదివి పెడతారు. మందులు మానేసి ఇంట్లో ఉండిపోయిన మనిషి మీ వీధిలో ఎవరైనా ఉంటే ఈ పత్రిక వారికి ఇవ్వండి. పాత చీటీ పోయినా ఫరవాలేదు, ఓపీలో నన్ను అడగమనండి. ఎన్నాళ్ళు మానేశారని తప్పక అడుగుతాం, మందు నిర్ణయించాలి గనుక.